బ్రిస్టల్ 131, మార్టిన్స్‌విల్ 100: పొడవు ఒకటే అయినప్పుడు ల్యాపు వేగంలో ఇంత తేడా ఎందుకు?

గోదారి గట్టు
శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి, ఉండేది షార్లెట్ పక్కన కాన్‌కార్డ్‌లో. ఈ దేశం వచ్చి ఆరేళ్లయినా నాస్కార్ (అమెరికా కారు రేసులు) జోలికి ఎప్పుడూ పోలేదు. మొన్న ఆఫీసులో పక్క సీటాయన పట్టుబట్టి మార్టిన్స్‌విల్ తీసుకెళ్లాడు. ఆ రోజు నుంచి నిద్రపోయే ముందు పాత ఫలితాల పట్టీలు తిరగేయడం అలవాటైపోయింది. ఒకచోట మాత్రం అడుగు ముందుకు పడడం లేదు.

టెనెస్సీలోని బ్రిస్టల్ ట్రాక్ 0.533 మైలు. వర్జీనియాలోని మార్టిన్స్‌విల్ 0.526 మైలు. మీటర్లలో 858, 847. తేడా పదకొండు మీటర్లు, రెండు కార్లు ఒకదాని వెనక ఒకటి ఆపితే నిండిపోయే జాగా. రెండు చోట్లా పరిగెత్తేవి అవే కప్ కార్లు, అంటే నాస్కార్‌లో పైస్థాయి రేసు కార్లు. అయినా బ్రిస్టల్ క్వాలిఫయింగ్‌లో (రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే ల్యాపుల్లో) 2014, 2015లలో గంటకు 131 మైళ్లు దాటేశారు. ల్యాపు, అంటే ఒక చుట్టు, సుమారు 14.6 సెకన్లు. మార్టిన్స్‌విల్‌లో క్వాలిఫయింగ్ రికార్డు 2014లో జోయీ లొగానోది: 18.898 సెకన్లు, గంటకు 100.201 మైళ్లు. నాలుగు సెకన్ల పైన తేడా!

ఎవర్ని అడిగినా "బ్యాంకింగ్ వల్ల" (మూలల్లో ట్రాకు లోపలికి వాలి ఉండడం వల్ల) అని ఒక్క మాటతో తేల్చేస్తున్నారు. ఒక్క వాలుకే అంత బలముందా? ఇంకోటి, వేగం తక్కువ కాబట్టి మార్టిన్స్‌విల్ నడపడానికి తేలికైన ట్రాక్ అనుకోవచ్చా?

లెక్కల మాస్టారు
శనివారం, రాత్రి 10:25

గోదారి గట్టు గారూ, గుంటూరులో ముప్పయ్యేళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పాను. ఇప్పుడు రాలీలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మీ ప్రశ్న చూశాక కాగితం, కలం తీసుకోకుండా ఉండలేకపోయాను.

కారు మలుపు తిరగాలంటే దాన్ని లోపలికి లాగే బలం ఒకటి కావాలి. చదునైన మలుపులో ఆ బలమంతా టైరు పట్టు నుంచే రావాలి. వాలున్న మలుపులో రోడ్డే కారును లోపలికి నెడుతుంది. ఇంతవరకు అందరూ చెప్పేదే. రెండో సంగతి చాలామంది వదిలేస్తారు. వాలు మీద వేగం పెరిగేకొద్దీ కారు రోడ్డుకు ఇంకా గట్టిగా అదుముకుంటుంది. అదుముకున్నకొద్దీ టైరు పట్టు కూడా పెరుగుతుంది. ఒక్క వాలు రెండు చేతులతో సాయం చేస్తుందన్నమాట.

ఇక అంకెలు. మార్టిన్స్‌విల్‌లో స్ట్రైట్ (నేరుగా పోయే భాగం) ఒక్కొక్కటి 800 అడుగులు, మూలల్లో వాలు 12 డిగ్రీలు. బ్రిస్టల్‌లో స్ట్రైట్ 650 అడుగులు, మూలల్లో వాలు కింది నుంచి పైకి 24 నుంచి 28 డిగ్రీలు. మొత్తం పొడవులోంచి స్ట్రైట్లు తీసేస్తే మార్టిన్స్‌విల్‌లో మూలలకు మిగిలేది 1,177 అడుగులు, బ్రిస్టల్‌లో 1,514 అడుగులు. అవి అర్ధవృత్తాలనుకుంటే వ్యాసార్ధాలు 187, 241 అడుగులు. మొదటి జవాబు ఇక్కడే దొరికింది. పొడవు ఒకటే గానీ ఆకారం ఒకటి కాదు. మార్టిన్స్‌విల్ కాగితాలకు పెట్టే క్లిప్పులా సాగి ఉంటే, బ్రిస్టల్ కోడిగుడ్డులా గుండ్రంగా ఉంది.

టైరు ఘర్షణ గుణకం 1 అనుకుందాం. గాలి అదుమును పక్కన పెడదాం. మూల మధ్యలో కారు జారకుండా పోగల వేగం మార్టిన్స్‌విల్‌లో గంటకు 65 మైళ్లు వచ్చింది. బ్రిస్టల్‌లో 26 డిగ్రీలు వేసి చూస్తే 102 వచ్చింది. తేడా 37 మైళ్లు.

ఇందులో వాలు వాటా ఎంత? బ్రిస్టల్ మూలనే తీసుకొని వాలును 12 డిగ్రీలకు దించి మళ్లీ చేశాను. 74 వచ్చింది. అంటే వ్యాసార్ధం ఇచ్చింది 9 మైళ్లు, వాలు ఇచ్చింది 28. అందరూ చెప్పే ఒక్క మాట ముప్పాతిక వంతు నిజం. నిజమైన డ్రైవరు స్ట్రైటును కొంచెం కోసి మూలను వెడల్పు చేసుకుంటాడు, గాలి కూడా కారును కిందికి నొక్కుతుంది కాబట్టి అసలు వేగాలు వేరుగా ఉంటాయి. నిష్పత్తి మాత్రం ఈ చుట్టుపక్కలే ఉండాలి.

నాంపల్లి
శనివారం, రాత్రి 10:52

మాస్టారూ, మీరు చెప్పిన రెండో సంగతి నేను చిన్నప్పుడే కండ్లార జూసిన. మా నాయిన ఏటా నుమాయిష్‌కు తీస్కపోయేటోడు. ఆడ మౌత్ కా కువా ఉండె. చెక్క బావిల మారుతి కారు, రెండు మోటార్ సైకిళ్లు గోడ మీద అడ్డంగ తిరిగేటివి. పైన అంచు కాడ నిలబడి చూస్తుంటే చెక్కలు మన కాళ్ల కింద ధడ ధడ అదిరేటివి. బండి నెమ్మదైతే పడిపోతది, జోరు పెంచితే గోడకు అతుక్కుంటది. బ్రిస్టల్ టీవీల జూసినప్పుడల్లా నాకు ఆ బావే యాదికొస్తది.

లెక్కల మాస్టారు

సరిగ్గా పట్టుకున్నారు బాబూ. ఆ బావి గోడ దాదాపు 90 డిగ్రీల వాలు. బ్రిస్టల్ ఆ దారిలో మూడో వంతు దూరం వెళ్లి ఆగింది.

రిడ్జ్‌వే రోడ్డు
ఆదివారం, ఉదయం 7:15

"తేలికైన ట్రాక్" అన్న మాట చదివి పొద్దున్నే కూర్చున్నాను. తమ్ముడూ, నేను పన్నెండేళ్లుగా ఏడాదికి ఒక్కసారన్నా మార్టిన్స్‌విల్ పోతున్నాను. ఈ ట్రాక్‌ను వేగంతో కొలిస్తే దానికి అన్యాయం చేసినట్టే.

క్లే ఎర్ల్స్ 1947లో మొదలుపెట్టినప్పుడు ఇది మట్టి ట్రాక్. 1955లో తారు పడింది. 1976లో మూలల్లో కాంక్రీటు పోశారు. ఇప్పటికీ స్ట్రైట్లు తారు, మూలలు కాంక్రీటు. కారు బ్రేకు వేసి లోపలికి దిగేటప్పుడు ఒక నేల, తిరిగేటప్పుడు ఇంకో నేల. రెండింటి పట్టూ వేరు. మధ్యాహ్నం ఎండలో ఒకలా, సాయంత్రం నీడ పడ్డాక ఇంకోలా ఉంటుంది.

అసలు కథ బ్రేకులది. 500 ల్యాపుల రేసు అంటే స్ట్రైటు చివర గట్టిగా బ్రేకు నొక్కడం వెయ్యి సార్లు. బ్రిస్టల్‌లో బ్రేకును తడితే చాలు, వాలే కారును పట్టుకుంటుంది. ఇక్కడ పట్టుకునేవాడు లేడు. సాయంత్రం రేసు జరిగేటప్పుడు మూడో మూల దగ్గర కూర్చో. వెలుగు తగ్గేకొద్దీ చక్రాల కమ్మీల సందుల్లోంచి బ్రేకు డిస్కు కుంపట్లో బొగ్గులా ఎర్రగా కనిపిస్తుంది. కారు మూల దాటి గ్యాసు (యాక్సిలరేటరు) అందుకోగానే ఆ ఎరుపు మెల్లగా నల్లబడుతుంది. మళ్లీ తొమ్మిది, పది సెకన్లకు అవతలి మూలలో అంటుకుంటుంది. ముందు వరుసల్లో కూర్చుంటే టైరు రజను జుట్టులో, చేతిలోని హాట్‌డాగ్ మీద నల్లని ఆవాల్లా పడుతుంది. ఇంటికెళ్లి తలస్నానం చేస్తే నీళ్లు నల్లగా పారతాయి.

ఇక్కడ గెలిచినవాడికి కప్పు ఇవ్వరు, నేల మీద నిలబెట్టే నిలువెత్తు గడియారం ఇస్తారు. 1964 నుంచి అదే ఆనవాయితీ. 100 మైళ్లంటే తక్కువే, ఒప్పుకుంటాను. కానీ ఆ 100ను ఒక్క ల్యాపులో చూపించడానికే లొగానో లాంటివాడు కావాల్సి వచ్చింది.

సెట్టింగుల కుర్రాడు
ఆదివారం, ఉదయం 11:30

నేను వారాంతాల్లో ఒక లేట్ మోడల్ (కప్ కన్నా కింది స్థాయి రేసు కారు) టీములో టైర్ల పని చూస్తాను, నార్త్ కరోలైనాలో. ఒక మాట కలుపుతాను.

మార్టిన్స్‌విల్‌లో లేట్ మోడల్ స్టాక్ కార్ల రేసు కూడా జరుగుతుంది. ఆ ఇంజిన్ల బలం రమారమి 400 హార్స్‌పవర్. కప్ కారుకు లొగానో రికార్డు నాటికి అంతకు రెట్టింపు ఉండేది. అయినా లేట్ మోడల్ క్వాలిఫయింగ్ ల్యాపు 20 సెకన్ల దరిదాపులో ఉంటుంది. ఇంజిన్ సగమైతే ల్యాపు పోయేది సెకను అటూ ఇటూ. అక్కడ సమయం పోయేదీ వచ్చేదీ మూలలోనే అనడానికి నాకు ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

మూల కోసం మేం చేసే పనుల్లో మొదటిది స్టాగర్. కుడి వెనక టైరు చుట్టుకొలత ఎడమ దానికన్నా కొంచెం ఎక్కువ పెడతాం. ఎందుకో తెలియాలంటే కాగితం టీ కప్పును బల్ల మీద పడుకోబెట్టి దొర్లించండి. నేరుగా పోదు, చిన్న అంచు వైపు తిరుగుతుంది. కారు వెనక ఇరుసూ అంతే. ఎంత స్టాగర్ పెట్టాలన్నది ట్రాకును బట్టి మారుతుంది. బిగుతు మూలకు ఎక్కువ, వెడల్పు మూలకు తక్కువ. టేపుతో ఒక్కో టైరూ కొలిచి, సుద్దముక్కతో దాని మీదే అంకె రాసి వరుసగా పేరుస్తాం. గాలి పావు పౌను మారితే కొలత మారుతుంది. ఎండలో పెట్టిన టైరు, నీడలో పెట్టిన టైరు ఒకటి కావు. శనివారం మధ్యాహ్నమంతా నాకు ఇదే పని.

ఇంకోటి. దయచేసి చిన్న ట్రాకుల్ని మైళ్లలో పోల్చకండి, సెకన్లలో పోల్చండి. మైళ్ల అంకెను ఎవరూ కొలవరు. కొలిచేది సమయం. వేగం వచ్చేది ట్రాకు పొడవును సమయంతో భాగించి. ఆ పొడవు బోర్డు మీద రాసినది. ఒక ఊరి ట్రాకు బోర్డు మీద మూడు ఎనిమిదో వంతు మైలు, అంటే 0.375 అని ఉందనుకోండి. నిజంగా కొలిస్తే 0.36 ఉందనుకోండి. ల్యాపు 15 సెకన్లయితే బోర్డు లెక్కన 90 మైళ్లు, అసలు లెక్కన 86.4. ఎవడూ గ్యాసు నొక్కకుండానే మూడున్నర మైళ్లు వచ్చేశాయి. నేను వెళ్లిన ఒక ట్రాకులో సరిగ్గా ఇలాంటి అంకె మీద రెండు టీములు పిట్‌లో (కార్లకు టైర్లు, ఇంధనం చూసే చోట) గంటసేపు గొడవపడ్డాయి. ఇద్దరి ల్యాపు సమయమూ వందో వంతు సెకను తేడాలో ఉంది!

గోదారి గట్టు

ఇది బాగా ఉపయోగపడింది. నేను టీవీ చూస్తూ ఫోన్ స్టాప్‌వాచ్‌తో ల్యాపులు తీస్తున్నాను. చేతితో తీస్తే తప్పు ఎంత వరకు ఉండొచ్చు?

లెక్కల మాస్టారు

మొదలులో ఒకసారి, చివర్లో ఒకసారి నొక్కుతారు. రెండూ కలిపి 0.2 సెకను తేడా రావడం మామూలే. బ్రిస్టల్‌లో ఆ 0.2 అంటే దాదాపు 1.8 మైళ్లు. మార్టిన్స్‌విల్‌లో ఒక మైలు. ల్యాపు చిన్నదయ్యేకొద్దీ చేతి తప్పు పెద్దదవుతుంది. అందుకే ఒక్క ల్యాపు తీయకండి. పది ల్యాపులకు కలిపి ఒకేసారి తీసి పదితో భాగించండి. తప్పు పదో వంతుకు దిగుతుంది.

మిల్వాకీ చలి
ఆదివారం, మధ్యాహ్నం 2:05

బ్రిస్టల్, మార్టిన్స్‌విల్ కంటే గట్టి జోడీ నా దగ్గరుంది. మా ఇంటికి దగ్గర్లో, మిల్వాకీకి వాయవ్యంగా స్లింగర్ అనే చిన్న ఊరు. అక్కడి ట్రాకు పావు మైలు, వాలు 33 డిగ్రీలు. ప్రపంచంలోకెల్లా వేగమైన పావు మైలు ట్రాకు అని వాళ్లే చెప్పుకుంటారు. సూపర్ లేట్ మోడల్స్ ల్యాపు 11 సెకన్ల చుట్టుపక్కల. అంటే 82 మైళ్ల దాకా. నాస్కార్ డ్రైవరు మాట్ కెన్సెత్ ఈ రాష్ట్రం వాడే. ఇక్కడి స్లింగర్ నేషనల్స్ రేసు ఎనిమిది సార్లు గెలిచాడు.

దానికి ఎదురుగా నార్త్ కరోలైనాలో విన్‌స్టన్-సేలంలోని బౌమన్ గ్రే స్టేడియం పెట్టండి. అదీ పావు మైలే, కానీ చదును. మధ్యలో యూనివర్సిటీ ఫుట్‌బాల్ మైదానం, చుట్టూ ట్రాకు. 1949 నుంచి అక్కడ నాస్కార్ వారపు రేసులు జరుగుతున్నాయి. 2025 ఫిబ్రవరిలో కప్ కార్లు వచ్చి క్లాష్ అనే రేసు ఆడాయి, చేజ్ ఎలియట్ గెలిచాడు. కప్ కారు అక్కడ ల్యాపుకు 14 సెకన్ల దగ్గర తీసుకుంది. 64, 65 మైళ్లు.

కార్లు వేరు, బరువులు వేరు, కాబట్టి గీత గీసినట్టు పోల్చలేం. అయినా అంత శక్తిమంతమైన కప్ కారు చదును మీద 14 సెకన్లు తీసుకుంటే, తేలికపాటి లేట్ మోడల్ వాలు మీద 11లో చుట్టేస్తోంది. స్లింగర్‌లో గట్టు మీద గడ్డిలో కూర్చుని చూస్తే కారు పైకప్పు మొత్తం మన కళ్లకు కనిపిస్తుంది, పళ్లెంలో పెట్టి చూపించినట్టు. మూలలో బరువంతా పడి కారు కింది భాగం నేలకు రాసుకుంటే నిప్పురవ్వలు లేస్తాయి. చిన్న పిల్లలు వాటినే లెక్కపెడుతుంటారు.

కడప నాపరాయి
ఆదివారం, రాత్రి 8:50

అందరూ బ్రిస్టల్‌ను ఉదాహరణకు వాడుకుంటున్నారు గానీ ఆ ట్రాకు గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను నాష్‌విల్‌లో ఉంటా. ఆగస్టులోనో సెప్టెంబరులోనో జరిగే రాత్రి రేసుకు అయిదు సార్లు పోయినా. నాలుగు దిక్కులా ఆకాశాన్నంటే గ్యాలరీలు, మధ్యలో గిన్నె అడుగున ట్రాకు. శబ్దం బయటికి పోయే దారుండదు. చెవుల్లో స్పాంజి పెట్టుకున్నా ఛాతీలో మోగుతుంది.

మొదట వాలు సంగతి. 1969లో మూలలు లేపి కట్టినప్పుడు 36 డిగ్రీలని ప్రచారం చేశారు. ఆ అంకె దశాబ్దాల పాటు అట్లే నిలబడిపోయింది. ఇప్పుడు ట్రాకు వాళ్లే 24 నుంచి 28 అని రాస్తున్నారు. సెట్టింగుల తమ్ముడు పొడవు గురించి చెప్పినాడే, వాలు అంకె కూడా అంతే జాగ్రత్తగా చూడాల.

రెండోది డ్రైవరు పట్టే దారి. 0.533 మైలు అనేది ఒక నిర్ణీత కొలత. డ్రైవరు పోయేది అతను ఎంచుకున్న దారి. పైన గోడ పక్కన పోయేవాడు కిందివాడి కన్నా ఎక్కువ దూరం పోతాడు. మాస్టారు గారి పద్ధతిలో నేనూ చేసి చూసినా. పదడుగులు పైకి జరిగితే చుట్టుకు 63 అడుగులు పెరుగుతుంది. 500 ల్యాపులకు దాదాపు ఆరు మైళ్లు! మరి పైదారిలో పోయేవాళ్లు గెలుస్తున్నారు కదా, ఎట్ల? పైన వాలు ఎక్కువ, మలుపు వెడల్పు. దూరం పెరిగినా గ్యాసు మీద నుంచి కాలు తీయాల్సిన పని తగ్గుతుంది. ఇద్దరి ల్యాపు సమయం ఒకటే వచ్చినా పైవాడి కారు నిజంగా ఎక్కువ వేగంతో పోతా ఉంటుంది. పట్టీలో మాత్రం ఇద్దరికీ ఒకే మైళ్లు రాస్తారు.

నాకు బాగా నచ్చే పాత రేసు 1971 జూలైది. చార్లీ గ్లాట్స్‌బాక్ కారు 500 ల్యాపులూ ఒక్క పసుపు జెండా (ప్రమాదం జరిగితే అందరినీ నెమ్మది చేయించేది) లేకుండా పూర్తిచేసి గెలిచింది. మొత్తం రేసు సగటు గంటకు 101 మైళ్లు. మధ్యలో అతని బదులు ఫ్రైడే హాస్లర్ కూర్చుని కొంతసేపు నడిపినాడు. అది క్వాలిఫయింగ్ ల్యాపు కాదు, పిట్ ఆగడాలతో సహా పూర్తి రేసు. పవర్ స్టీరింగ్ సుఖం లేని రోజులు, ఎండాకాలం మధ్యాహ్నం. ఒక్క ల్యాపు 131 కన్నా నాకు ఆ 101 గొప్ప.

రిడ్జ్‌వే రోడ్డు

కడపక్కా, ఆ చివరి మాటకు రెండు చేతులా దండం. క్వాలిఫయింగ్ అంకె పక్కన రేసు అంకె పెట్టకుండా ట్రాకులను పోల్చకూడదు.

మిల్వాకీ చలి

ఒక చిన్న అభ్యంతరం. రేసు సగటులో పసుపు జెండా ల్యాపులు కలిసిపోతాయి. అదే ట్రాకు, అవే కార్లు, జెండాలు ఎక్కువైతే సగటు అమాంతం పడిపోతుంది. అది ట్రాకు వేగం చెప్పదు, ఆ రోజు జరిగిన ప్రమాదాల సంఖ్య చెబుతుంది. పోల్చాలంటే పచ్చ జెండా కింద, అంటే రేసు పూర్తి వేగంతో సాగేటప్పుడు, వరుసగా నడిచిన ఇరవై, ముప్పై ల్యాపుల సమయాలు తీసుకోవాలి. కొత్త టైరు మీద మొదటి ల్యాపు ఎంత, ముప్పయ్యో ల్యాపు ఎంత, ఎంత పడింది. ట్రాకు గుణం ఆ పడిపోవడంలో తెలుస్తుంది.

కడప నాపరాయి

అది ఒప్పుకుంటా. దానికి నేను చూసిన ఉదాహరణే ఉంది. 2024 మార్చిలో బ్రిస్టల్ పగటి రేసు. టైర్లు ఎవరూ అనుకోనంత త్వరగా అరిగిపోయినాయి. నలభై, యాభై ల్యాపులకే టైరు లోపలి దారాలు కనబడే పరిస్థితి. డ్రైవర్లు కావాలని నెమ్మదిగా పోయినారు. గట్టిగా పోయినవాడు ముందుకు పోతాడు, పది నిమిషాలకు టైరు పోయి వెనక్కి వస్తాడు. ఆ రోజు మొదటి స్థానం 54 సార్లు చేతులు మారింది. కప్ సిరీస్‌లో చిన్న ట్రాకుల మీద అదే రికార్డు. డెనీ హామ్లిన్ గెలిచినాడు. ల్యాపు వేగం చూస్తే తక్కువ. నేను చూసిన బ్రిస్టల్ రేసుల్లో మాత్రం దానికి సాటి లేదు. పక్క సీటు ముసలాయన ప్రతి కారు టైర్ల మీద ఎన్ని ల్యాపులయినాయో కార్యక్రమ పుస్తకం అంచున పెన్సిలుతో గీతలు పెట్టుకుంటా కూచున్నాడు. చివరి యాభై ల్యాపులు నేను ట్రాకు కన్నా ఆ గీతలే ఎక్కువ చూసినా.

గోదారి గట్టు
సోమవారం, రాత్రి 9:10

మార్టిన్స్‌విల్ రికార్డు 2014 నాటిది. ఇన్నేళ్లయినా ఎందుకు చెరగలేదు? కార్లు ముందుకు పోవాలి కదా.

సెట్టింగుల కుర్రాడు

నిబంధనలు అన్నా. 2014 దాకా కప్ ఇంజిన్ 850 హార్స్‌పవర్ పైన ఇచ్చేది. తర్వాత తగ్గిస్తూ వచ్చారు. 2022లో కొత్త తరం కారు వచ్చినప్పుడు 670కి దించారు. ఆ కారుకు 18 అంగుళాల చక్రం, వెడల్పు టైరు, పెద్ద బ్రేకులు, అయిదు గేర్లు. బ్రేకు పెద్దదైతే అందరూ మూలలోకి బాగా లోపలి దాకా పోయి ఒకే చోట ఆపుతారు. గేరు మార్చుకోవచ్చు కాబట్టి మూలలో తప్పు చేసినవాడు కూడా కింది గేరుతో లేచిపోతాడు. ముందువాడిని దాటే సందు పోయింది. మార్టిన్స్‌విల్‌కు ఇదే పెద్ద దెబ్బ. 2026 నుంచి ఒకటిన్నర మైలు కన్నా చిన్న ట్రాకుల్లో 750 ఇస్తామని నాస్కార్ ప్రకటించింది. నాకు సంతోషం. ల్యాపు రికార్డు కోసం కాదు. శక్తి పెరిగితే మూల బయట వెనక టైరు తిరిగిపోతుంది, టైరు కాపాడుకున్నవాడికి మళ్లీ విలువ వస్తుంది.

నాంపల్లి

నార్త్ కరోలైనాల ఉన్న నార్త్ విల్క్స్‌బరో ట్రాకు ముచ్చట ఎవరూ తియ్యలేదేంది? 0.625 మైలు. ముందు స్ట్రైటు దిగుడు, వెనక స్ట్రైటు ఎక్కుడు. 1996 సెప్టెంబరుల జెఫ్ గోర్డన్ గెలిచినంక కప్ రేసులు బందయినయ్. చెట్లు మొలిచి పాడుబడ్డది. 2023 మేల ఆల్ స్టార్ రేసుతోటి కప్ కార్లు మల్ల వచ్చినయ్, కైల్ లార్సన్ గెలిచిండు. అప్పుడు పాత తారే, చెప్పు కింద ఇసుక కాయితం లెక్క ఉండె. 2024ల కొత్త తారు ఏసిన్రు. ల్యాపు జోరు పెరిగింది. అదే ట్రాకు, అదే వాలు, అదే పొడవు, అవే కార్లు. మారింది నేల ఒక్కటే. మాస్టారు లెక్కల ఘర్షణ గుణకం 1 అని పెట్టిన్రు కదా, గా ఒకటి ఎప్పుడూ ఒకటి కాదు.

లెక్కల మాస్టారు

నిజం. ఆ ఒకటి నా సౌకర్యం కోసం పెట్టుకున్నది. కొత్త తారుకు ఎక్కువ, పాత తారుకు తక్కువ, వేడెక్కితే ఇంకా తక్కువ.

గోదారి గట్టు
మంగళవారం, రాత్రి 11:20

చివరిగా ఒకటి. 2022 అక్టోబరు 30న మార్టిన్స్‌విల్ చివరి ల్యాపులో రాస్ చాస్టెయిన్ చేసింది వీడియోలో చూశాను. పదో స్థానంలో ఉన్నాడు. ఆ ఏడాది ఛాంపియన్‌షిప్ ఫైనల్‌కు పోవాలంటే ఇంకో రెండు స్థానాలు ముందుకు రావాలి. వెనక స్ట్రైటులో అయిదో గేరు వేసి, గ్యాసు వదలకుండా కారును బయటి గోడకు ఆనించేశాడు. మూడు, నాలుగు మూలలు గోడను రాసుకుంటూనే తిరిగాడు. మొత్తం అయిదు కార్లను దాటాడు, ముగింపు గీత దగ్గర దాటిన హామ్లిన్‌తో కలిపి. ఆ ల్యాపు సమయం 18.845 సెకన్లు. లొగానో క్వాలిఫయింగ్ రికార్డు 18.898! అరిగిన టైర్లతో, 670 హార్స్‌పవర్ కారుతో, రేసు చివర్లో. నలభై సార్లు చూసుంటాను. మాస్టారు గారూ, దీన్ని మీ లెక్కలో ఎక్కడ పెట్టాలి?

రిడ్జ్‌వే రోడ్డు

నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. ముందు అందరం ఎవడో గోడకు కొట్టుకున్నాడనుకున్నాం. కారు ఆగలేదు. గోడ వెంట లోహం గీసుకుపోయే శబ్దం మా వైపు వచ్చి దాటిపోయింది. స్టేడియం ఒక్క క్షణం నోరు తెరుచుకుని నిలబడిపోయింది, ఆ తర్వాత లేచిన అరుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది. రేసు గెలిచింది క్రిస్టఫర్ బెల్. ఇంటికెళ్తూ కార్లో ఆ పేరు ఎవరూ ఎత్తలేదు, పాపం. మర్నాడు నేను టీవీలో మళ్లీ చూసి అతని గెలుపుకు విడిగా చప్పట్లు కొట్టాను.

లెక్కల మాస్టారు
బుధవారం, ఉదయం 6:30

రాత్రి దీని గురించే ఆలోచిస్తూ పడుకున్నాను.

మార్టిన్స్‌విల్ మూలలో కారుకు లోపలికి లాగే బలం ఇచ్చేవి రెండే: టైరు పట్టు, ఆ 12 డిగ్రీల వాలు. రెండూ కలిసి పోగలిగిన వేగం నా లెక్కలో 65 మైళ్లు. చాస్టెయిన్ మూడోది కనిపెట్టాడు. గోడ. గోడ కారును అడ్డంగా లోపలికి నెట్టింది. ఎంత నెట్టాలంటే అంత నెట్టింది, ఎందుకంటే గోడ జారదు. నాంపల్లి బాబు చెప్పిన బావిలో కారు గోడ మీద ఎందుకు నిలిచిందో, ఇక్కడ చాస్టెయిన్ కారు మూల ఎందుకు తిరిగిందో, రెండింటి సూత్రం ఒకటే. ఆ ఒక్క మూలలో మార్టిన్స్‌విల్ వాలు 12 డిగ్రీలు కాదు, 90. గోడతో రాపిడికి కొంత వేగం పోయినా, బ్రేకు వేసిన వాళ్లకు పోయినదానితో పోలిస్తే అది చిన్నది.

గమనించండి, మిగతా సగం ల్యాపు అతను మామూలుగానే, అరిగిన టైర్లతో నడిపాడు. ఒక్క వైపు మూలలతోనే రికార్డు పోయింది. మీ మొదటి ప్రశ్నకు, ఒక్క వాలుకే అంత బలముందా అన్నదానికి, నేను కాగితం మీద ఇచ్చిన జవాబు కన్నా అతను కారుతో ఇచ్చింది బాగుంది.

2023 జనవరి చివర్లో నాస్కార్ ఇకపై అలా చేస్తే శిక్ష తప్పదని చెప్పింది. అదే సరైన నిర్ణయం. ఆ గోడ అవతల మనుషులు కూర్చుంటారు.

గోదారి గట్టు
బుధవారం, రాత్రి 9:00

మాస్టారు గారూ, ఇప్పుడు అర్థమైంది. శరత్కాలపు మార్టిన్స్‌విల్ రేసుకు నాలుగు టికెట్లు తీసుకున్నాను, మూడో మూల దగ్గర, రిడ్జ్‌వే రోడ్డు అన్న చెప్పినట్టే. మీరు రాలీ నుంచి బయల్దేరి గ్రీన్స్‌బరోలో కలిస్తే అక్కడి నుంచి నా కార్లో పోదాం. పది ల్యాపులకు ఒకసారి స్టాప్‌వాచ్ నొక్కే పని నాది.

కడప నాపరాయి

పెన్సిలు మర్చిపోవద్దండి. పుస్తకం అంచున గీతలు పెట్టండి.

లెక్కల మాస్టారు
గురువారం, ఉదయం 6:10

వస్తాను బాబూ. మా మనవడి జామెట్రీ బాక్సులోంచి ప్రొట్రాక్టర్ అడిగి తీసుకున్నాను. దారానికి గింజ కట్టి దానికి వేలాడదీస్తే వాలు చూసుకోవచ్చు. ఆ 12 డిగ్రీలు నా కళ్లతో చూడాలి. గ్రీన్స్‌బరోలో ఎన్నింటికి ఉండమంటారు?